నా పరామర్శకి వచ్చినవాళ్ళు

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వీధి వరండాలో కూర్చున్నాను. మా మనవరాలు బడి బట్టలు వేసుకుని, ఒక జడ అల్లించుకుని రెండోది వదిలేసి, వాళ్ళమ్మ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "మామ్మా, నువ్వు చచ్చిపోయి ఇవాళ్టికి వన్ ఇయర్ అయ్యిందంట!" అంది. దానికి పదేళ్ళు. దేనికి నవ్వాలో దేనికి నవ్వకూడదో ఇంకా తేలని వయసు. అందుకని ముందు నవ్వేసి, తరవాత నా మొహం చూసింది. ఫోనులో దీపం బొమ్మ, దాని కింద మా కోడలు రాసిన నాలుగు మాటలు, ఆ కింద చేతులు జోడించిన బొమ్మలు చాంతాడంత బారున ఉన్నాయి. కాఫీలో పంచదార తక్కువైంది. నా సంవత్సరీకం నాడైనా కాస్త తీపిగా కలపొచ్చు కదా అనుకున్నాను.

నేను ఎలా పోయానో చెప్పాలంటే ముందు మా కోడలి బ్లాగు సంగతి చెప్పాలి. మేముండేది కాకినాడలో, అద్దె ఇంట్లో. మా అబ్బాయికి ఎరువుల కంపెనీలో షిఫ్టు డ్యూటీలు. కోడలు మంచిది. ఈ మాట మొహమాటానికి రాయడం లేదు. రామచంద్రపురం దగ్గర పిల్ల, ఎమ్మే చదివింది. ఇంటి పనయ్యాక తోచక బ్లాగు పెట్టుకుంది. బ్లాగంటే ఏంటమ్మా అని అడిగితే, "మన గోడ మీద మనం రాసుకోవడం అత్తయ్యగారూ. దారినపోయేవాళ్ళు ఆగి చదువుతారు" అంది. మొదట్లో కవితలు రాసింది. దారినపోయేవాళ్ళు దారినే పోయారు. చదివేది వాళ్ళ తమ్ముడొక్కడే. అతను కూడా ఫోను చేసి చెబితేనే చదివేవాడు. కోడలే తన ఫోనులోంచి ఒకసారి, మా అబ్బాయి ఫోనులోంచి ఒకసారి తెరిచి చూసుకుని, లెక్క పెరిగిందేమోనని మళ్ళీ చూసుకునేది. కందిపప్పు మాడిన రోజులు నాకు గుర్తున్నాయి.

నాకు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కబుర్లు చెప్పడం అలవాటు. ఐదో తరగతితో బడి మాన్పించారు గానీ, విన్నది మరిచిపోవడం నాకు చేతకాదు. మా తోటికోడలు ఎవరితో ఏ పూట ఏ చీర కట్టుకుని దెబ్బలాడిందో ఇప్పటికీ చెబుతాను. ఒకరోజు ఏం రాయాలో తోచక, కోడలు నేను చెప్పిన కబురొకటి రాసి పెట్టింది. సాయంత్రానికి ఎవరెవరో వచ్చి చదివారట. మర్నాడు చాట నిండా చిక్కుడుకాయలు తెచ్చి నా ముందు పోసి, ఫోను పట్టుకుని కూర్చుంది. అప్పట్నుంచి మా ఇంట్లో చిక్కుడుకాయ కూరకి అంతు లేకుండా పోయింది.

జనాన్ని రప్పించడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తని నాకు అప్పుడే తెలిసింది. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు బస్సెక్కి ఫోను తెరిచే వేళకి పోస్టు పడిపోవాలి. కథ మొత్తం ఒకరోజే చెప్పేయకూడదు. బావిలో చేద పడిన దగ్గర ఆపేసి, అది పైకి రావడం మర్నాటికి ఉంచాలి. పేరు చూడగానే ఆగేలా ఉండాలి. 'మా తోటికోడలు పాలు పొంగించిన రోజు' అని నేనంటే, 'ఆ పాలలో ఏం కలిసింది?' అని పెట్టింది. నీళ్ళు తప్ప ఏమీ కలవలేదు. రాసినవాళ్ళందరికీ పేరుపేరునా జవాబిచ్చేది. తిట్టినవాళ్ళకి మరీ మర్యాదగా ఇచ్చేది. "వాళ్ళతో జాగ్రత్తగా ఉండాలండి. తిట్టేవాళ్ళు మళ్ళీ వచ్చి చూసుకుంటారు" అంది. బాగా రాసినవాళ్ళకి నేను పెట్టిన మాగాయ సీసాలో పోసి, మా ఇంటి అడ్రసు రాసి, పార్సిలు పంపేది. నా మొహం మటుకు పెట్టలేదు. ఈనెలు తీస్తున్న నా చేతులు ఫొటో తీసి పైన పెట్టింది.

నాకు ఇష్టంగానే ఉండేది. ఎందుకు అబద్ధమాడాలి? పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి వంటింట్లో కూర్చుని చెబుతూనే ఉన్నాను. కాయలు అయిపోతే కథ మధ్యలో ఉన్నా సరే లేచి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్ళో మిగతాది ఎప్పుడని అడుగుతున్నారు. సాయంత్రం కాగానే "ఏమన్నారమ్మా ఇవాళ?" అని నేనే అడిగేదాన్ని. కోడలు చదివి వినిపించేది. చివరిదాకా వినేవాళ్ళు దొరికారన్నదొక్కటే నాకున్న సంతోషం. అంతకుమించి నేనేమీ కోరుకోలేదు.

అలాంటి రోజుల్లో నాకు జ్వరం తగులుకుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. కోడలు చేసినంత సేవ కన్నకూతురు చెయ్యదు. ఒక చేత్తో నుదుటి మీద తడిగుడ్డ వేసేది, రెండో చేత్తో ఫోనులో రాసేది. నా జ్వరం ఎంతుందో నాకంటే ముందు ఊరూరా తెలిసేది. గుళ్ళో అభిషేకం చేయించామని కొందరు, దీపం పెట్టామని కొందరు రాశారట. మా పెళ్ళికి వచ్చిన జనం కంటే నా జ్వరానికి వచ్చిన జనం ఎక్కువ. మందులు పనిచేశాయో మొక్కులు పనిచేశాయో గాని, లేచి కూర్చుని గంజి తాగాను. ఆ ముక్క కోడలు రాసింది. చాలా సంతోషమండీ అన్నారు. వెళ్ళిపోయారు.

నిజంగానే వెళ్ళిపోయారు. నేను చెప్పిన కొత్త కథలు పెట్టినా ఇదివరకటిలా ఎవరూ రాలేదట. కోడలు కాఫీ తెచ్చి ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడి నన్ను చూసేది. వరి కోతలప్పుడు రైతు మబ్బు వంక చూస్తాడే, అలా. కాకపోతే వాన రాకూడదని చూస్తున్నదో రావాలని చూస్తున్నదో అప్పుడు నాకు తెలియలేదు. "నీరసంగా ఉందాండి?" అని అడిగేది. లేదమ్మా, ఆకలేస్తోందంటే, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

ఒక బుధవారం పొద్దున్న కోడలు కూరల బజారుకి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇద్దరు ఆడవాళ్ళు గేటు తీసుకుని లోపలికొచ్చారు. ఒకావిడకి కళ్ళజోడు, భుజాన సంచి. రెండో ఆవిడ ఆమె మరదలట. వచ్చినవాళ్ళు ఎవరో అడగకముందే కూర్చోమనడం నాకు అలవాటు. కూర్చున్నారు. కళ్ళజోడావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఎంత పని జరిగిపోయిందండి" అంది.

"ఎవరికమ్మా?" అన్నాను గాభరాగా.

"అదేనండి, పెద్దావిడకి. మాది రాజమండ్రండి. ఎప్పుడో రావాల్సింది. అన్నవరం మొక్కు ఒకటి ఉండిపోయింది. అది తీరకుండా ఇలాంటి ఇంటికి రాకూడదు కదండి. అది తీర్చుకుని, మంగళవారం బాగోదని ఇవాళ బయల్దేరాం."

"మాగాయ పార్సిలు మీద అడ్రసు దాచానండి" అంది మరదలు. "సీసా అడుగున ఒక ముక్క అలాగే ఉంచేశాను. ఆవిడ చేత్తో పెట్టింది కదా, తినబుద్ధి కాలేదు."

మా ఇంట్లో మాగాయ పెట్టేది నేనొక్కదాన్నే. అయినా కథ మధ్యలో అడ్డం పడటం నాకు రాదు. "ఎలా పోయారమ్మా?" అని అడిగాను.

"అదృష్టవంతురాలండి. ఏకాదశి పూట. స్నానం చేసి, తులసమ్మకి నీళ్ళు పోసి, వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారంట. అమ్మాయ్, కాస్త మజ్జిగ పట్రా అన్నారంట. కోడలు మజ్జిగ తెచ్చేసరికి..." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీరు లేరాండి అప్పుడిక్కడ?"

ఉన్నాను. మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చింది నేనే. అది మా అత్తగారి చావు. ఆ స్తంభం మా అత్తవారి పెంకుటింటిది. ఈ అద్దె ఇంటికి స్తంభమే లేదు. ఆవిడ పోయినప్పుడు కళ్ళు ఎటు చూస్తున్నాయో, గ్లాసులో మజ్జిగ నేనేం చేశానో అంతా మా కోడలికి నేనే చెప్పాను, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. దాన్ని దులిపి, మడత విప్పి, నాకు కప్పేసింది. పెద్దకర్మ కూడా బ్లాగులోనే కానిచ్చిందని వాళ్ళే చెప్పారు. గారెల గురించి ఎంత బాగా రాసిందంటే తిన్నట్టే ఉందట.

"ఆవిణ్ణి నేనేనమ్మా" అన్నాను.

వదినా మరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చేతులు చాపాను, ఈ చేతులేనమ్మా ఫొటోలో ఉన్నవి, చూసుకోండని. కళ్ళజోడావిడ జాలిగా పట్టుకుని నిమిరింది. "అక్కచెల్లెళ్ళ చేతులు ఒక్కలాగే ఉంటాయండి" అంది. ఉక్రోషం వచ్చి, ఇసకమేట మీద జరిగిన పెళ్ళి కథ మొదలుపెట్టాను. మగపెళ్ళివారి పడవ గోదారి మధ్యలో ఇసకమేటకి తగిలి ఆగిపోతే, ముహూర్తం దాటిపోతుందని పెళ్ళికూతుర్నే అక్కడికి తీసుకెళ్ళి తాళి కట్టించారు. నేను అప్పుడు పెళ్ళికూతురి పక్కన విసనకర్ర పట్టుకుని ఉన్నాను.

మరదలు మధ్యలోనే ఆపింది. "వాన మరిచిపోయారండి. తాళి కట్టే వేళకి వాన పడింది కదా, అక్షింతలు తడిసి చేతులకి అంటుకుపోయాయి."

"వానెక్కడిదమ్మా? వైశాఖమాసం. ఎండ మాడ్చేస్తోంది."

"లేదండి, పెద్దావిడ స్వయంగా చెప్పారు. ఆవిడకి ప్రతీదీ గుర్తుండేది" అని వాళ్ళ వదినతో నెమ్మదిగా, "పోన్లెండి వదినగారూ, పెద్దవయసు కదా" అంది.

అప్పుడే కోడలు సంచితో గేటు దగ్గరికి వచ్చింది. వాళ్ళని చూసింది, నన్ను చూసింది. సంచి వంగి దోసకాయ ఒకటి దొర్లి మెట్టు మీద పడింది. వాళ్ళు లేచి నిలబడి ఫలానా అని చెప్పుకున్నారు. "ఈవిడ..." అంటూ నా వైపు చూపించారు.

"మా చిన్నత్తయ్యగారండి" అంది కోడలు. "అత్తయ్యగారి చెల్లెలు. అక్కగారు పోయిన దగ్గర్నుంచి కొంచెం..." వేలు తల దగ్గర తిప్పలేదు గాని, అక్కడిదాకా వెళ్ళింది.

ఎదురింటావిణ్ణి ఒక కేక వేస్తే చాలు, వచ్చి సాక్ష్యం చెబుతుంది. కేకెయ్యడానికి నోరు కూడా తెరిచాను. అప్పుడు చూశాను ఆ ఇద్దరి మొహాలూ. నా మాట నిజమైపోతుందేమోనన్న భయం ఉంది వాళ్ళ కళ్ళల్లో. నేను బతికుంటే వాళ్ళు పెట్టిన దీపాలు, ఏడ్చిన ఏడుపు, సీసాలో దాచుకున్న మాగాయ ముక్క, అన్నీ ఎందుకూ కొరగాకుండా పోతాయి. నన్ను అంత ఇష్టపడినవాళ్ళు ఈ భూమ్మీద వేరే లేరు. వాళ్ళకే నేను అక్కర్లేదు.

"ఆయ్, మా అక్కేనమ్మా" అన్నాను. "నాకంటే బాగా చెప్పేది."

ఇద్దరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, హాయిగా ఏడ్చారు. కోడలు మెట్టు మీది దోసకాయ తీసి కొంగుతో తుడిచింది. వెళ్ళేటప్పుడు అలవాటు కొద్దీ "మళ్ళీ రండమ్మా" అనేశాను. పరామర్శకి వచ్చినవాళ్ళతో అనకూడని మాట. వాళ్ళు ఉలిక్కిపడి, ఆచారం ప్రకారం వెళ్ళొస్తామని చెప్పకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం కోడలు నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. "మీరు లేచి కూర్చున్నాక ఒక్కళ్ళు రాలేదండి. జ్వరం తిరగబెట్టిందని రాస్తే వచ్చారు. తగ్గిందని రాస్తే మళ్ళీ పోతారని భయమేసింది. పెంచుకుంటూ పోయానండి. ఇంక మిమ్మల్ని వెనక్కి తేవడానికి దారి లేకపోయింది."

"నన్ను పిలిస్తే నేనే వచ్చేదాన్ని కదమ్మా" అన్నాను.

మా అబ్బాయికి అన్నం వడ్డిస్తూ చెప్పాను. "బ్లాగులో కదమ్మా. నిజంగా ఏమీ అవలేదుగా. నీ పేరు కూడా రాయలేదు" అన్నాడు. పెరుగు అడిగాడు.

మర్నాడు కోడలు యథాప్రకారం చాట తెచ్చి పెట్టి, ఫోను పట్టుకుని కూర్చుంది. "మీరు సగంలో ఆపిన ఆ పిల్లి కథ మిగతాది చెప్పండి అత్తయ్యగారూ, అందరూ అడుగుతున్నారు."

"పోయినవాళ్ళు మాట్లాడతారేంటమ్మా?" అన్నాను.

అంతే, ఆ పూట నుంచి ఈ పూట దాకా ఒక్క కథ చెప్పలేదు. ఈనెలు తీసి ఇచ్చేస్తాను. నా కథలు లేకపోతే ఆ గోడ వెలవెలబోతుందని, వచ్చి కాళ్ళు పట్టుకుంటుందని చూశాను. మొదట్లో కంగారుపడింది. చెప్పినవాటినే ముక్కలు చేసి మళ్ళీ పెట్టింది. తరవాత ఆ అవసరం కూడా లేకపోయింది. చదివేవాళ్ళే నా జ్ఞాపకాలు రాయడం మొదలెట్టారట. ఒకావిడ, చిన్నప్పుడు యానాంలో నేను తనకి గోరుముద్దలు తినిపించానని రాసింది. నేను యానాం వెళ్ళనేలేదు. ఆ గోరుముద్దలకి వచ్చినంత జనం నా జ్వరానికి కూడా రాలేదని మనవరాలు చెప్పింది.

కోడలు మటుకు రెండు పూటలా మాత్ర వేసుకున్నారా అని అడుగుతుంది, బీపీ చూపిస్తుంది, నా అన్నంలో ఉప్పు తగ్గిస్తుంది. నన్ను బతికించడంలో ఏ లోటూ చెయ్యదు. చాట ముందు పెట్టినప్పుడు ఒక్క క్షణం ఆగి చూస్తుంది. నేను తల ఎత్తను. మా ఇద్దరిలో ఎవరు ముందు తగ్గుతారో చూద్దామన్న పంతం ఇంకా పోలేదు నాకు.

కాని మొన్న మధ్యాహ్నం నడుం వాల్చి, మా పెదనాన్నగారి గుర్రబ్బండి కథ నాలో నేనే చెప్పుకుంటూ ఉంటే, గుర్రం పేరు రాలేదు. సాయంత్రందాకా వెతుక్కున్నాను. రాలేదు. నిన్న బండివాడి మొహం కూడా పోయింది. జ్వరంలో నన్ను వదిలేసి వెళ్ళిన చావు ఇప్పుడు తీరిగ్గా వచ్చి, ఒక్కో కథా పట్టుకుపోతోంది. అడ్డుకుందామంటే నోరు విప్పాలి.