పదకొండో నంబరు గుడ్డ

దెయ్యాలు లేవని మైకు పట్టుకుని నేను చెప్పినన్నిసార్లు రాజమహేంద్రవరంలో ఇంకెవరూ చెప్పి ఉండరు. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించాను. నిప్పుల మీద నడిచాను. అమావాస్యనాడు శ్మశానంలో పడుకుని, తెల్లారాక దోమకాట్లు తప్ప ఇంకేమీ లేని ఒంటిని జనానికి చూపించాను. గొప్ప కోసం రాయడం లేదు ఇదంతా. కింద రాసింది చదివి 'ఈయన కూడా మారిపోయాడు' అనుకునేవాళ్లు ఉంటారని ముందే చెబుతున్నాను. నేను మారలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల చివర్లో మేం పదిమందిమి కలిసి ముసలివాళ్ల కోసం ఒక వ్యాన్ నడిపేవాళ్లం. దేవుడి పేరు చెప్పకుండా కూడా సేవ చేయవచ్చని చూపించాలన్నది నా పంతం. పాత మెటాడోర్ బండి. నడిపేది సత్తిరాజు, ముప్పై ఏళ్లు బస్సు తోలి రిటైరైనవాడు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను ఆసుపత్రికీ, పింఛను రోజున బ్యాంకుకీ తీసుకెళ్లి, మళ్లీ ఇంటి దగ్గర దింపేవాళ్లం.

వాళ్లలో చాలామందికి ఫోను లేదు. బండి ఎవరికి కావాలో మాకు తెలియడం ఎలా? గేటుకు గుడ్డ కట్టమన్నాం. ఉదయం ఏడు లోపల గుడ్డ కట్టి ఉంటే బండి ఆగుతుంది. లేకపోతే ఆగదు. ఏ రంగు గుడ్డ అన్నదాని మీద ఒక సాయంత్రమంతా వాదన నడిచింది. ఎరుపు ఒక పార్టీది, పసుపు ఇంకో పార్టీది. కాషాయానికి నేను ఒప్పుకోలేదు. నలుపు కడితే ఆ ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. చివరికి వంకాయ రంగు మిగిలింది. మా ఆవిడ ఆ రంగు పాత చీర ఒకటి చింపి పద్దెనిమిది ముక్కలు చేసి, ఒక్కోదాని మీద తెల్లదారంతో నంబరు కుట్టింది.

పదకొండో నంబరు మంగాయమ్మది. గోదావరి గట్టున నలభై ఏళ్లు చేపలమ్మిన మనిషి. అప్పటికి డెబ్బై దాటింది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఏటికి దగ్గర్లో ఒక సందులో, రెండు వాటాల పెంకుటింట్లో ఒక వాటా అద్దెకు తీసుకుని ఉండేది.

ఆవిడతో మాకొచ్చిన చిక్కు ఏమిటంటే, రోజూ గుడ్డ కట్టేది. బండి ఆగేది. ఎక్కేది కాదు. గేటు పట్టుకుని నిలబడి సత్తిరాజు మోకాళ్ల నొప్పి ఎలా ఉందో కనుక్కునేది. బండిలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ పలకరించేది. ఈలోగా ఆసుపత్రిలో చీటీల వరస పెరిగిపోయేది.

ఒకరోజు నేనే దిగి అడిగాను.

"రోజూ కడతారు, ఎక్కరు. ఏంటమ్మా ఇది?"

"ఎక్కుదామనే కడతానండి. తీరా బండొచ్చాక ఎక్కడికెళ్లాలో తోచదండి."

"ఈ బండి ఆసుపత్రికీ బ్యాంకుకీ అండి. కబుర్లకు కాదు."

"ఆయ్. మీరు సభల్లో గంటలు గంటలు మాటాడతారంట కదండీ. నాకు రెండు నిమిషాలు చాలండి."

బండిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ వారం సమావేశంలో పదకొండో నంబరు రద్దు చేయాలని ప్రతిపాదించింది నేనే. అవసరమున్నవాళ్ల సమయాన్ని అవసరం లేనివాళ్లు తినకూడదన్నాను. ఆ తర్కంలో నాకిప్పటికీ తప్పు కనిపించదు. మర్నాడు వెళ్లి గుడ్డ అడిగాను. ఆవిడ విప్పి, నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. మా కార్యాలయం ఒక రీడింగ్ రూము పక్కన అద్దెగది. అక్కడ నా బల్ల సొరుగులో ఆ గుడ్డ పడేసి తాళం వేశాను. తాళంచెవి నా చొక్కా జేబులో ఉండేది. రెండో తాళంచెవి ఎప్పుడో పోయింది. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

తర్వాత పన్నెండు రోజులు బండి ఆ గేటు ముందు ఆగకుండా వెళ్లింది. మొదట్లో ఆవిడ గేటు దగ్గర నిలబడేది. తర్వాత మానేసింది.

పదమూడో రోజు ఉదయం ఏడుంబావు. ముసురు పట్టి ఉంది. ముందు సీట్లో సత్తిరాజు పక్కన నేను. వెనక కామేశ్వరి టీచరు గారు ఒక్కరే, బీపీ చూపించుకోడానికి వస్తున్నారు. బండి సందులోకి తిరిగింది.

"పదకొండు కట్టుందండి," అన్నాడు సత్తిరాజు, వేగం తగ్గిస్తూ.

చూశాను. గేటు గొళ్లెం దగ్గర వంకాయ రంగు గుడ్డ తడిసి వేలాడుతోంది. నాకు ఒళ్లు మండింది.

"తీసేసుకున్నామని ఇంకోటి చింపుకున్నట్టుంది. ఆపకు."

"గుడ్డ కడితే ఆగుతామని చెప్పింది మీరే కదండీ," అన్నారు వెనక నుంచి టీచరు గారు.

"సత్తిరాజూ, ఆపకు. పోనీ."

సత్తిరాజు ఆపేశాడు. "ముప్పై ఏళ్లు చెయ్యెత్తితే బస్సాపానండి. కాలు దానంతటదే తొక్కేసింది," అన్నాడు.

నాలుగు మాటలు గట్టిగా అందామని దిగాను. గేటు దాకా వెళ్లి గుడ్డను దగ్గర్నుంచి చూశాను. గుడ్డ మీద తెల్లదారంతో పదకొండు ఉంది. మా ఆవిడ ఆ నంబరు కుడుతుంటే దారం చాలక రెండో ఒకటి కురచై, పక్కకు ఒరిగింది. అప్పట్లో నేను వెక్కిరించాను కూడా. అదే కురచ ఒకటి, అదే ఒరుగు. విప్పుదామని చెయ్యి చాపాను.

అప్పుడు వినిపించింది, పెరట్లోంచి. చెంబుతో నేలను కొడుతున్న చప్పుడు. కొట్టి ఆగుతోంది, మళ్లీ కొడుతోంది. గేటు తోసుకుని పరుగెత్తాను. అరచేతికి పచ్చరంగు అంటుకుంది. ముందురోజు తెరిపిచ్చిందని ఇంటి యజమాని సాయంత్రం గేటుకు రంగు వేయించాడట. రాత్రి మళ్లీ ముసురు పట్టడంతో అది ఆరలేదు.

మంగాయమ్మ కుళాయి పక్కన పడి ఉంది. రంగు వేసినవాడు వెళ్లాక, చీకటి పడేవేళ నీళ్లకని వెళ్లి నాచు మీద జారింది. తుంటి విరిగింది. పక్కవాటావాళ్లు పెళ్లికని ఊరెళ్లారు. రాత్రంతా వానలోనే ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది.

నన్ను చూసి, "వచ్చారా అండీ," అంది. "ఈవేళ ఎక్కుతానండి."

మడతమంచం మీద నేనూ సత్తిరాజూ మోసుకొచ్చాం. టీచరు గారు గొడుగు పట్టారు. గేటు దాటుతుంటే చూశాను. గుడ్డ లేదు. సత్తిరాజు విప్పి ఉంటాడనుకున్నాను. సత్తిరాజు నేను విప్పాననుకున్నాడట. టీచరు గారు మా ఇద్దరిలో ఎవరో ఒకరనుకున్నారు. ఈ సంగతి మర్నాడు గాని బయటపడలేదు.

ఆసుపత్రిలో డాక్టరు గారు, ఒళ్లు బాగా చల్లబడిపోయిందనీ, ఇంకో పూట అయితే కష్టమయ్యేదనీ అన్నారు. అక్కడే కిరోసిన్ అడిగి తీసుకుని, సబ్బు పెట్టి నా చేతికి అంటిన రంగు వదిలించుకున్నాను.

మధ్యాహ్నం నేరుగా కార్యాలయానికి వెళ్లి సొరుగు తెరిచాను. తాళం వేసినట్టే ఉంది. లోపల గుడ్డ ఉంది. నాలుగు మడతలు, ఆవిడ పెట్టిచ్చినట్టే. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. అయితే గేటుకు ఉన్నది వేరే గుడ్డ. ఆవిడే మా నంబరు చూసి కుట్టుకుంది. అంతే, తేలిపోయింది.

మామూలుగానే గుడ్డ మడత విప్పాను. లోపల తడిగా ఉంది. ముడి పడే చోట ముడతలు పడి, ఆ ముడతల్లో పచ్చరంగు ఉంది. వేలితో తాకితే వేలికి అంటింది.

నేను ఆ గుడ్డను తీసుకొచ్చి సొరుగులో పెట్టిన రోజున ఆ గేటు తుప్పురంగులో ఉంది.

తర్వాత నేను చేయగలిగిన విచారణ అంతా చేశాను. నా చేతి రంగే గుడ్డకు అంటిందా? కిరోసిన్‌తో కడిగాక అంత రంగు మిగలదు, మిగిలినా మడతల లోపలికి చేరదు. మళ్లీ గేటు దగ్గరికి వెళ్లి చూశాను. గొళ్లెం కమ్మీ చుట్టూ రెండు వేళ్ల వెడల్పున రంగు చెరిగి ఉంది. నేను తోసింది గేటు అంచును, కమ్మీని కాదు. పోయిన తాళంచెవి ఎవరికో దొరికిందనుకుందాం. ఆ మనిషి సొరుగు తెరిచి, గుడ్డ తెచ్చి గేటుకు కట్టి, మా కళ్లముందే విప్పి, నాకంటే ముందు వెళ్లి మడతపెట్టి తాళం వేయాలి. పెరట్లో పడి ఉన్న ముసలమ్మను మాత్రం ముట్టుకోకుండా. అలాంటి మనిషిని ఊహించడం నాకు దెయ్యాన్ని ఊహించడం కంటే కష్టంగా ఉంది. మా ముగ్గురికీ ఒకే భ్రమ కలిగిందా అంటే, భ్రమకు రంగు అంటదు.

రెండు వారాల తర్వాత ఆసుపత్రిలో మంగాయమ్మనే అడిగాను. గుడ్డ ఎవరు కట్టారని.

"నన్నడుగుతారేంటండీ? పట్టుకెళ్లింది మీరు. తాళం మీ దగ్గరే."

"మీకేమైనా కనబడిందా ఆ రాత్రి?"

"ఏం కనబడతాదండి, కప్పలు తప్ప? దెయ్యాల్లేవని మా సందులోనే కదండీ మైకెట్టి చెప్పారు." దుప్పటి పైకి లాక్కుంటూ అంది, "తెల్లారిందగ్గర్నుంచి బండి చప్పుడు కోసం చూశానండి. వచ్చినా ఆగదు కదా అని కూడా అనుకున్నానండి. ఆపింది మీరేనంట కదా. సత్తిరాజు చెప్పాడు."

సత్తిరాజు నన్ను కాపాడదామని అలా చెప్పాడు. నేను కాదనలేదు. తల దించుకుని జేబులోంచి గుడ్డ తీసి ఆవిడకిచ్చాను. పచ్చమరక చూసి, "ఉతికిద్దురు కదండీ," అంది.

ఆవిడ వాకర్ పట్టుకుని ఇంటికొచ్చింది, ఇంకా కొన్నేళ్లు బతికింది. నంబరు రద్దు తీర్మానాన్ని నేనే వెనక్కి తీసుకున్నాను. గుడ్డ ఉన్నా లేకపోయినా ప్రతి గేటు దగ్గరా రెండు నిమిషాలు ఆగాలని కొత్త నియమం పెట్టాం. బండి రోజూ ఆలస్యమయ్యేది. ఆవిడ రోజూ గుడ్డ కట్టేది, ఎక్కేది కాదు.

ఇప్పటికీ సభల్లో ఎవరో ఒకరు లేచి, మీకెప్పుడూ దెయ్యం కనబడలేదా అండీ అని అడుగుతారు. లేదంటాను. అది అబద్ధం కాదు. నేను చూసింది మా ఆవిడ పాత చీరముక్క. తాళంలో ఉన్న ముక్క గేటుకు ఎలా వచ్చిందో, ఎలా వెనక్కి వెళ్లిందో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలియదనడమే హేతువాదమని పాతికేళ్లుగా చెబుతూ వచ్చినవాణ్ని, ఆ మాట నా గురించి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

గుడ్డ సంగతి తేల్చలేకపోయాను. 'ఆపకు' అన్నది మాత్రం నేనే, రెండుసార్లు. దానికి ఇద్దరు సాక్షులున్నారు.