స్టూడియో బాబాయి గురి

వీధిలో అందరికీ ఆయన స్టూడియో బాబాయి. మెట్ల కింద ఇరుకు గది, ఒక నీలం తెర, ఎత్తు స్టూలు, మూలన కంప్యూటరు, అంతే ఆయన రాజ్యం. ఎవరి ఫొటో తీసినా చెరపడు. "మీరు పారేసుకున్నా నా దగ్గరుంటుంది" అని చెప్పుకోవడం ఆయనకు భలే గర్వం.

భార్య చనిపోయిన ఏడాది ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. కెమెరాను స్టాండుకు బిగించి ఫొటోలు తీస్తూ ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. ఆటలో మాత్రం స్టాండు లేదు.

ఆట అంటే కంప్యూటర్లో తుపాకులు పట్టుకుని కాల్చుకునే ఆట. గిరాకీ లేని మధ్యాహ్నాలు అక్క మొగుడితో జట్టు కట్టి ఆడేవాడు. బావ తన ఇంట్లో, ఈయన స్టూడియోలో, చెవులకు మైకులు తగిలించుకుని. బావ రిటైరైన బస్సు కండక్టరు, నోరు ఊరుకోదు.

"ఏరా బావమరిదీ, ఆ గోడ నీకేం అపకారం చేసింది? తూటాలన్నీ దానికే పెడుతున్నావు."

"మౌసు సరిగా లేదు బావా."

"మౌసును అనకులే పాపం. మీ వంశంలోనే గురి లేదు. మీ అక్క నా మీదికి గరిటె విసిరితే పక్కింటి పిల్లికి తగిలింది."

బాబాయి నవ్వేసేవాడు. కానీ ఆ మాటలు లోపల ముల్లులా ఉండిపోయేవి. చెయ్యి సంగతి ఒక్క ముక్క చెప్పుకుంటే పోయేది. చెప్పుకోలేక, గురి దానంతటదే శత్రువు తలకు అతుక్కునే సాఫ్ట్‌వేరు ఒకటి ఎక్కడో వెతికి దించుకున్నాడు. అది దొంగాట అని ఆయనకూ తెలుసు. ముందుగా యాంటీవైరస్ ఆపెయ్యాలి, అది ఊరికే భయపెడుతుంది అని అందులో రాసి ఉంది. ఆపేశాడు. ఇక చూడాలి ఆయన సంబరం. బావ అవతల నోరెళ్లబెడుతుంటే కుర్చీలో ఊగిపోయేవాడు.

ఆ రోజుల్లోనే, వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆమె, అందరూ పిలిచే ఇస్త్రీ అక్క, స్టూడియోకు వచ్చింది. నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆమె కూతురు జ్వరంతో పోయింది. పిల్ల ఫోను ఆసుపత్రి గొడవలోనే పోయింది. గోడకున్న ఫొటో, బాబాయి తీసిందే, చెమ్మకు మొహమంతా మరకలైంది.

"పెద్దది ఒకటి తీసివ్వు తమ్ముడూ. నా బల్లకెదురుగా పెట్టుకుంటాను."

"తొందరేముందక్కా. నీ కూతురు నా దగ్గర భద్రంగా ఉంది" అని, ఆమె అటు వెళ్లగానే మళ్లీ ఆటలో పడ్డాడు.

ఒక పొద్దున కంప్యూటరు తెరిస్తే ఒక్క ఫొటో తెరుచుకోలేదు. డబ్బు కడితేనే తాళం తీస్తామని తెర మీద ఒక బెదిరింపు. రిపేరు అమ్మాయి వచ్చి చూసి తల అడ్డంగా ఊపింది.

"గురి పేరు చెప్పి దొంగ లోపలికొచ్చాడు బాబాయ్. మీ పాస్‌వర్డులూ ఎత్తుకుపోయుంటాడు, వేరే ఫోను నుంచి మార్చుకోండి. డబ్బు కట్టినా తాళం తీస్తాడన్న నమ్మకం లేదు. ఇంకో డిస్కులో దాచలేదా?"

దాచాడు. కానీ ఆ డిస్కు వైరు మొన చాలా చిన్నది. వణికే చేత్తో రంధ్రంలో పెట్టలేక, ఒకసారి దూర్చాక మళ్లీ తీయలేదు. తాళం దానికీ పడింది.

కబురు తెలిసి బావ పరుగున వచ్చాడు.

"ఆ దిక్కుమాలినది ఎవడు పెట్టమన్నాడ్రా?"

"నువ్వే. రోజూ వెక్కిరిస్తే ఏం చెయ్యను? చెయ్యి వణుకుతోంది బావా."

"నాకు తెలియదనుకున్నావా? నువ్వు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్న రోజే చూశాను." బావ స్టూలు మీద కూలబడ్డాడు. "ఆటలో ఒక్కొక్కణ్ణీ సగం చంపి నీకు వదిలేవాణ్ణి. ఆ చివరి దెబ్బ నీది కావాలని. ఆపైన నోటి దురద కొద్దీ ఏదో వాగాను."

బాబాయి కంప్యూటరు ఆపేశాడు. తర్వాత లేచి ఇస్త్రీ అక్క దగ్గరికి నడిచాడు. కంప్యూటరు పాడైందని చెబితే ఆమె నమ్మేసేది. దారంతా అదే అనుకున్నాడు. తీరా ఆమె చొక్కా మడతపెడుతూ తలెత్తి చూసేసరికి, ఆటతో సహా మొత్తం చెప్పేశాడు.

"గెలిచావా?" అంది అక్క.

"గెలిచానక్కా."

ఆమె ఇంకో చొక్కా తీసింది. సగం చేసి ఆగింది. "దాని ఎడం కనుబొమ్మ మీద మచ్చ ఉండేది. గుర్తుందా?"

"ఉంది. ఫొటోలో అది తీసెయ్యమంది. 'మా అమ్మకు చెప్పొద్దు బాబాయ్, మచ్చే అదృష్టమని పోట్లాడుతుంది' అంది."

అక్క ఇస్త్రీపెట్టెను పక్కకు పెట్టింది.

"దొంగపిల్ల. నాకు తెలియనే తెలియదు." కొంగుతో మొహం ఒత్తుకుంది. "ఇంకేమంది?"

ఆయన బల్ల పక్కనే కూర్చున్నాడు. ఆ పిల్ల కాలరు ఎన్నిసార్లు సర్దుకుందో, స్టూలు మరీ ఎత్తుగా ఉందని ఎలా నవ్విందో చెప్పాడు. గుర్తులేని చోట గుర్తులేదన్నాడు, కల్పించలేదు. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆమె ఇంకా ఆయన వైపే చూస్తోంది. ఇస్త్రీపెట్టె చల్లారిపోయింది.