బర్సీమ్ చేనుకు డబ్బాలు కట్టిన ఏడాది

సౌదీలో తబూక్ నుంచి గంటన్నర ప్రయాణం. రాతికొండల అంచున ఉన్న ఆ పొలంలో నేను పంపుల మెకానిక్‌ని. పొలం ఒకరిది, సాగు మరొకరిది. భూమి యజమానే పనివాళ్ళమైన మా నలుగురికీ కఫీల్, అంటే మమ్మల్ని రప్పించిన పూచీదారు. ఆ దేశంలో ఉండనిచ్చే అకామా కార్డులు ఆయన పేరు మీదే ఉండేవి. ఆ భూమిని కౌలుకు తీసుకున్నవాడు వేరే మనిషి. విత్తనం, నీళ్ళు, కోత, అమ్మకం అన్నీ కౌలుదారువే. రోజూ పని చెప్పేది కౌలుదారు, మేం భయపడేది కఫీల్‌కు. ఇద్దరిలో ఎవరికి ఏం కావాలో మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

నలుగురిలో ఇద్దరు బంగ్లాదేశ్ వాళ్ళు. మూడోవాడు కాక. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. నాకు చుట్టం కాదు, వయసును బట్టి అందరం కాకా అనేవాళ్ళం. ఊళ్ళో సొంత భూమి లేదు. కౌలుకు పట్టిన మూడెకరాల్లో మక్క వేస్తే ఒక ఏడు అడవి పందులు, మరో ఏడు దుప్పులు తినిపోయాయి. "పంట వాటికి, కౌలు నాకు" అని నవ్వేవాడు. ఆ తర్వాతే గల్ఫ్ విమానం ఎక్కాడు.

అవి నితాఖత్ రోజులు. సౌదీ వాళ్ళకు ఎంతమందికి ఉద్యోగాలిచ్చారన్నదాన్ని బట్టి ప్రతి సంస్థకూ ఒక రంగు వేశారు. పచ్చలో ఉంటే అకామాలు కదులుతాయి, ఎరుపులో పడితే ఆగిపోతాయి. మా కఫీల్ సంస్థ ఎరుపులో పడింది. దాని మీద విదేశీ పనివాళ్ళ తలకింత అని లెవీ పన్ను వచ్చింది. ఊరి గ్రంథాలయ చర్చల్లో జాతకాలనూ రాహుకాలాలనూ చీల్చి చెండాడినవాణ్ణి నేను. ఒక మనిషి ఏ దేశంలో అన్నం వండుకోవాలో ఒక రంగు నిర్ణయించడమేమిటని మండిపడ్డాను. ఎవరి మీద మండిపడాలో మాత్రం తెలియలేదు. జాతకం చెప్పినవాడైతే ఎదురుగా కూర్చుంటాడు, నిలదీయవచ్చు. ఈ రంగు వేసినవాడి ముఖం నేను ఎన్నడూ చూడలేదు.

కౌలుదారు సంస్థ పచ్చలో ఉంది. మా నలుగురిలో ఇద్దరిని తన పేరు మీదికి మార్చుకుంటానని ఆయన ఒప్పుకున్నాడు. ఎవరిని అన్నది చలికాలం చివర చెబుతానన్నాడు. పంపులు తిరగాలి కాబట్టి నాకు పెద్ద భయం లేదు. మిగిలింది ఒక్క చోటు, దానికి ముగ్గురు మనుషులు. కాక అకామా ఆ చలికాలంతోనే ముగుస్తుంది. శాశ్వతంగా పంపించే ఖురూజ్ ముద్ర పడి ఇల్లు చేరితే, ఆ వయసులో ఏ ఏజెంటూ ఆయనకు మరో వీసా చూపించడు. మళ్ళీ ఎవరి గుమ్మం ముందో నిలబడి చేను కౌలుకు అడగాలి.

ఆ ఏడాది కొండ పక్క చేనులో బర్సీమ్ వేశారు. పశువుల పచ్చిమేత, కోసినకొద్దీ చిగురిస్తుంది. చుట్టూ చూసినంత మేరా రాయీ ఇసుకా, మధ్యలో ఆ పచ్చని వలయం. తెల్లవారుజామున మంచు పట్టిన ఆకుల మధ్య జింకల డెక్కల గుర్తులు కనబడేవి. అంచు పొడవునా కొసలు కొరికేసి ఉండేవి. ఆ చేను కాపలా కాకది, రోజూ ఆ అంచున నడిచి చూసేవాడు. ఒకరోజు నన్ను కంచె దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, గిది చూడు."

కొండ వైపు కంచెలో మనిషి దూరేంత సందు ఉంది.

"తీగ తెగింది. కట్టుకుందాం తీ," అన్నాను.

"తెగింది కాదు. రెండు దిక్కుల మలిచి తాడుతోని కట్టిన్రు. ఎవలో కావాలని తెరిచిపెట్టినట్టున్నది."

"కాకా, చేనేసినోడు చేను మేపనీకె దారి తెరుస్తడా? జర బుద్ధితోని ఆలోచించు."

"నాకేమెర్క. ఉన్నది చెప్పిన."

ఉన్నది ఉన్నట్టు చూసినవాడు ఆయన. దాన్ని కాదన్నవాణ్ణి హేతువాదినైన నేను. పంట తగ్గితే కౌలుదారుకు కోపం వస్తుంది, కోపం వస్తే కాక పేరు పోతుంది, కాబట్టి జింకలను ఆపాలి. ఈ తర్కంలో ఎక్కడా లోపం కనబడలేదు. కంచె మూసేద్దామంటే సరైన తీగ లేదు. డబ్బాలు కడదామన్నాను. కాక కళ్ళు వెలిగాయి. ఆయనకు చేతనైన పని అది.

పాలపొడి డబ్బాలు, టమాటా గుజ్జు డబ్బాలు, నెయ్యి డబ్బాలు వంటగది వెనక గుట్టగా పడి ఉండేవి. ఒక్కోదాంట్లో ఒక గులకరాయి వేసి, గాలికి ఒకదానికొకటి తగిలేలా రెండేసి కట్టాడు. కర్రలు పాతి, తీగ లాగి, చేను చుట్టూ వేలాడదీశాం. మధ్యమధ్య పాత లుంగీలు చించి కట్టాం.

"ఊళ్ళెనైతే చీరెలు కడుతుంటిమి," అని గొణిగాడు కాక. "చీరెకున్న రంగు గీ లుంగీలకేడిది? జింకకు సుత తెలుస్తది."

వారం తిరిగేసరికి డెక్కల గుర్తులు ఆగిపోయాయి.

"ఎల్లమ్మకు మొక్కుకున్న బిడ్డా, అందుకే పోయినయ్."

"డబ్బాల సప్పుడుకు పోయినయ్. ఎల్లమ్మకు తబూక్ వీసా ఎవలిచ్చిన్రు?"

"ఆమెకు అకామా అక్కెర లేదు తీ."

ఆ నెలలోనే ఒక శుక్రవారం నమాజు తర్వాత కఫీల్ వచ్చాడు. వెనక నాలుగు బళ్ళలో అతిథులు, గుడారం, కాఫీ సరంజామా, గుడ్డలో చుట్టిన తుపాకులు. ముందు బండి నడిపింది ఆయన డ్రైవరు, కడప వైపు ముస్లిం. ఆయన దగ్గర చాలా ఏళ్ళుగా ఉన్నాడు. దిగుతూనే చేను వైపు చూసి అరిచాడు.

"ఏమప్పా మెకానిక్కూ, ఇదేంది? ఉరుసుకు కట్టినట్టు కట్టినారే చేనంతా!"

"జింకలు రాకుండ కట్టినం భాయ్. వారం దినాల సంది ఒక్కటి రాలే," అన్నాను గర్వంగా.

అతని ముఖం మారిపోయింది. "రాకుండా కట్టినారా? సచ్చినాం పో! ఆ బర్సీమ్ ఉండేదే జింకలకప్పా! కౌలు కుదుర్చుకున్నప్పుడే మా కఫీల్ షరతు పెట్టినాడు. కొండ కాడి చేన్లో చలికాలమంతా బర్సీమే ఉండల్ల, అంచు కొయ్యకూడదు, కంచె సందు ముయ్యకూడదు అని. సాగు ఆయప్పది, వేట ఈయనది."

"మాకు ఎవలు చెప్పిన్రు?"

"నువ్వెప్పుడన్నా అడిగినావా? అన్నీ తెలిసినోని మాదిరి తిరుగుతాంటివి గదా!"

అక్కడ నా బుర్ర ఆగిపోయింది. మనిషి తిండి కోసం పైరు వేస్తాడు, పశువు మేత కోసం వేస్తాడు, అమ్మకానికి వేస్తాడు. చంపబోయే జంతువును పిలవడానికి పైరు వేయడం నేను పుట్టిన చోట ఎవరి ఊహలోనూ లేదు. పైగా అడవి జింకను కొట్టడం ఆ దేశంలో నేరమని విన్నాను. ఇవి అడవివి కావని, తన తాత పెంచిన మంద సంతానమని, కొండ అవతల కంచె కూడా తనదేనని కఫీల్ మాట. ఏది అడవిదో ఏది ఇంటిదో ఎలా తెలుస్తుందని డ్రైవర్ని అడిగాను. "పొయ్యి జింకనే అడుగు," అన్నాడు.

గబగబా సగం డబ్బాలు విప్పాం. లాభం లేకపోయింది. ఆ సాయంత్రం అతిథులు బళ్ళ చాటున కదలకుండా కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ కూర్చున్నారు. కొండ మీదినుంచి ఒక్క జింకా దిగలేదు. గాలి వీచినప్పుడల్లా మిగిలిన డబ్బాలు మోగాయి. ఒక పెద్దాయన కాఫీ తాగుతూ ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. కఫీల్ నవ్వలేదు.

ఎవరు కట్టారని ఆయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపే కాక ముందుకు జరిగాడు.

"నేనే," అన్నాడు తెలుగులో.

"కాదు, చెప్పింది నేను," అన్నాను.

డ్రైవరు అరబ్బీలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు అందలేదు. కఫీల్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఒక ప్రశ్న వేశాడు.

"మీ దేశంలో జింకలకు పెండ్లిండ్లు చేస్తారా అని అడుగుతాండాడు," అన్నాడు డ్రైవరు మెల్లగా. "నవ్వొద్దండప్పా, ఆయన కోపంగా ఉండాడు."

ఇక తన పేరు పోయినట్టేనని ఆ వారం కాక పెట్టె సర్దుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది. క్షమించమని అడగాలంటే నా తప్పేమిటో ముందు నాకు తెలియాలి. కంచె సందు గురించి ఆయన చెప్పినప్పుడు వినకపోవడమా? జింకలు బతికాయి కదా, అందులో తప్పేముంది? జింకలు బతికితే మనిషి పోవాలా? ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకుంటే ఇంకో ప్రశ్న అడ్డం తిరిగేది.

పది రోజుల తర్వాత, చలికాలం ముగుస్తుండగా, కౌలుదారు వచ్చాడు. ముఖం కళకళలాడుతోంది. పేర్లు చెప్పాడు. ఒకటి నాది, రెండోది కాకది. కాక నా వైపు చూశాడు, నేను కౌలుదారు వైపు చూశాను.

సంగతి తర్వాత డ్రైవరు చెప్పాడు. పచ్చిమేత నీళ్ళు మింగేస్తుందని ప్రభుత్వం దాన్ని తగ్గించమంటోంది. కౌలుదారుకు ఎన్నాళ్ళుగానో ఆ చేనులో ఆలుగడ్డ వేయాలని ఉంది. వేట షరతు అడ్డం వస్తోంది. ఈసారి జింకలు రాకపోయేసరికి కఫీల్‌కు మనసు విరిగింది. ఇక నీ ఇష్టమొచ్చింది వేసుకో, నేను వేటకు ఇంకో చోటికి పోతానన్నాడట. కౌలుదారు కోరిక తీరింది. పైగా, వారంలో జింకలను తరిమిన ముసలాయనను వదులుకుంటానా, ఆలుగడ్డకు అలాంటివాడే కావాలి అన్నాడట.

తప్పుడు తర్కం. సరైన ఫలితం. కాక కొండ వైపు తిరిగి ఎల్లమ్మకు దండం పెట్టుకున్నాడు. బంగ్లా వాళ్ళిద్దరూ ఖురూజ్ మీద వెళ్ళిపోయారు. డబ్బాలు కట్టడానికి మేం వాళ్ళను పిలవనే లేదు. పిలిచి ఉంటే ఏమయ్యేదో!

ఆలుగడ్డ మొలిచింది. కాక దాని చుట్టూ మళ్ళీ డబ్బాలు కట్టాడు. ఈసారి కౌలుదారే మార్కెట్ నుంచి రంగురంగుల గుడ్డలు తెప్పించాడు. ఒక్క జింకా రాలేదు. ఎవరు పొలం చూడటానికి వచ్చినా కౌలుదారు ఆ డబ్బాలు చూపించి, కాక భుజం తట్టేవాడు. నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. ఆలుగడ్డ ఆకు చేదు. మేయడానికేమీ లేని చోటికి జింక ఎందుకు వస్తుంది? కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకి వల్లే రాలిందనడం ఎంత మూర్ఖత్వమో వేదికలెక్కి చెప్పినవాణ్ణి నేను. ఇక్కడ నోరు విప్పితే కాక విమానం ఎక్కాలి. రెండు పంటల కాలం నోరు మూసుకున్నాను. కాకకూ చెప్పలేదు. తన పనికి విలువ లేదని ఆయనకు తెలిస్తే కుంగిపోతాడనుకున్నాను.

లెవీ మళ్ళీ పెరిగింది. కౌలుదారు ఒక ఉదయం బండి ఆపి, చేను గట్టున నన్ను ఒంటరిగా పట్టుకుని సూటిగా అడిగాడు. ఈ డబ్బాల మనిషి నిజంగా కావాలా? అతను లేకపోతే జింకలు వస్తాయా?

నాకు వచ్చిన కొద్దిపాటి అరబ్బీలో "వస్తాయి" అన్నాను. ఆయన తల ఊపి బండెక్కాడు. నా జీవితంలో తెలిసి తెలిసి మూఢనమ్మకాన్ని నిలబెట్టింది అప్పుడే. సిగ్గుపడాలో సంతోషించాలో తెలియక అక్కడే నిలబడ్డాను.

కాక చేను అవతలినుంచి వచ్చాడు.

"ఏమడిగిండు బిడ్డా?"

"నువ్వు లేకుంటే జింకలొస్తయా అని."

"నువ్వేమన్నవ్?"

"వస్తయన్న."

కాక వంగి ఆలుగడ్డ కొమ్మ ఒకటి తెంచాడు. వాసన చూసి నా చేతిలో పెట్టాడు.

"గీ ఆకు మేక సుత ముట్టది. నువ్వు ఎన్నడు బయటపెడ్తవో అని రెండు పంటల సంది నా పానం పానంల లేదు."

"నీకు ఎర్కేనా?"

"ఎవుసం జేసినోణ్ణి రా నేను. నువ్వు నాకు చెప్తవేంది?"

కౌలుదారు బండి ఇంకా గేటు దాటలేదు. కాక దాన్ని ఒకసారి చూసి, పక్కనున్న డబ్బాల తీగ పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగాడు.