గరగర ఆగే దిక్కు

అద్దాలాయన దగ్గర రేడియోలు పదకొండున్నాయి. అన్నీ చొక్కా జేబులో పట్టేవే. కళ్ళజోళ్ళ దుకాణంలో ఇరవై ఆరేళ్ళుగా అద్దాలు అరగదీస్తున్న మనిషికి చిన్న వస్తువుల మీద గౌరవం ఉండటం సహజమే. మేడ మీద తాముంటున్న వాటాలో బాల్కనీ ఊచ నుంచి నీళ్ళ ట్యాంకు దాకా సన్నటి రాగి తీగ లాగి, దాని కొసను రేడియోకి నాలుగు చుట్లు చుట్టేవాడు. ఆయన ఏరియల్ విజ్ఞానం సమస్తం ఇంతే. దాంతోనే ఎక్కడో సముద్రం అవతలి స్టేషన్ వినపడేది. అర్థంకాని భాషలో ఎవరో వాతావరణం చెబుతుంటే, పాపం అక్కడ వాన పడుతుందో పడదో తేలక, ఈయన పొద్దున్నే బెంగ పెట్టుకునేవాడు.

అలాంటి మనిషికి సొంత బెంగ ఒకటి దొరికింది. ఓ వారం రోజులుగా, పొద్దున సరిగ్గా ఆరింటికి, సముద్రం అవతలి వాతావరణాన్ని గరగరమని ఓ మోత మింగేస్తోంది. ఇరవై నిమిషాలు మింగి ఆగిపోతోంది. ఫ్యాను మోత, టీవీ మోత ఆయన పోల్చుకోగలడు. ఇది ఆ జాతి కాదు. వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు ఉండీ ఉండీ చిటపటమంటోంది. ఎక్కడో కరెంటు తీగ వదులై నిప్పురవ్వలు రాలుతుంటే రేడియో ఇలాగే మూలుగుతుంది.

తీగ ఊడదీసి, అన్నిటికన్నా చిన్న రేడియోతో గాలింపుకి బయల్దేరాడు. మోత ఎక్కడ ఎక్కువైతే అక్కడే దొంగ ఉంటాడని మనబోటివాళ్ళం అనుకుంటాం. కాదట. రేడియో లోపల అడ్డంగా ఓ నల్లని కడ్డీ ఉంటుంది. రేడియోని మెల్లగా తిప్పుతూ పోతే, ఆ కడ్డీ కొస దొంగవైపు చూసిన క్షణాన మోత పడిపోతుంది. రేడియో ఎటు తిరిగి నోరు మూసుకుంటే అటే దొంగ. బనీను మీద గదిగదిలో గుండ్రంగా తిరుగుతున్న భర్తని చూసి ఇల్లాలు, రేడియో పాడితే మురిసేవాళ్ళని చూశాను గానీ పాడకపోతే మురిసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానంది.

ఆయన మురవలేదు. ఏ గదిలో నేలకేసి వంచి తిప్పినా దిక్కులన్నీ కింది వాటాలో ఒకే గోడ దగ్గర కలిశాయి. ఆ గోడకి అటు స్నానాలగది గీజరు. ఇటు స్విచ్చుల బోర్డు, దాని కిందే అత్తగారి మంచం. ఆవిడ స్నానానికి రోజూ ఆరింటికి గీజరు వేస్తారు.

గోడ అత్తగారి తలాపున ఉన్నా, ఇల్లు తోడల్లుడిది. ఆయన ఒకప్పటి వైరింగ్ మేస్త్రీ. కట్టుకున్న భార్యతో సహా అందరూ మేస్త్రీగారనే అంటారు. ఇంట్లో ప్రతి తీగా ఆయన స్వహస్తాలతో లాగింది. పైగా అద్దాలాయనకి పాత చరిత్ర ఒకటుంది. రెండేళ్ళ కిందట ఇలాగే ఏదో మోత వస్తే, పక్కింటి లెక్కల మాస్టారి స్టెబిలైజరే కారణమని పదిహేను రోజులు పోట్లాడాడు. చివరికి అది తన బల్ల మీది దీపమే అని తేలింది.

అందుకని మూడు రోజులు నోరు కట్టేసుకున్నాడు. దుకాణంలో పరధ్యానంగా ఓ పెద్దమనిషి అద్దాన్ని అడ్డంగా బిగిస్తే, ఆయన మెట్లు దిగలేక గోడ పట్టుకుని తిరిగొచ్చాడు. నాలుగోరోజు చిటపటలు దగ్గర దగ్గరగా వచ్చాయి. అద్దాలాయన రేడియో పట్టుకుని కిందికి దిగాడు.

మేస్త్రీగారు పేపరు చదువుతున్నారు.

“అన్నయ్యా, ఈ బోర్డు వెనక నిప్పురవ్వలు పడుతున్నాయి.”

“ఎవరు చెప్పారు?”

“రేడియో.”

“ఏ వార్తల్లో?”

అద్దాలాయన రేడియోని గోడవైపు తిప్పాడు. మోత పడిపోయింది.

“ఏమీ వినపడట్లేదుగా,” అన్నారు మేస్త్రీగారు.

“నేను చెప్పేదీ అదే.”

అప్పుడు మేస్త్రీగారు పేపరు మడిచి, తన ముప్ఫై రెండేళ్ళ వృత్తిజీవితం గురించి ఉపన్యసించారు. మధ్యలో మాస్టారి స్టెబిలైజరు ఆరోగ్యం ఎలా ఉందని కుశలం కూడా అడిగారు. వంటింట్లో వదినగారు నవ్వారు. పోనీ నాలుగు రోజులు గీజరు వేయొద్దని, కనీసం మంచమైనా జరపమని అద్దాలాయన బతిమాలాడు. మంచం జరిపితే తప్పు ఒప్పుకున్నట్టేనని మేస్త్రీగారు జరపనివ్వలేదు.

అంతసేపూ మంచం మీద కూర్చుని వింటున్న అత్తగారు రేడియో ఇలా ఇమ్మన్నారు. చెవికి ఆనించుకుని, గోడవైపోసారి, కిటికీవైపోసారి నిదానంగా తిప్పి చూశారు.

“పెద్దల్లుడుగారు చెప్పిందీ నిజమే కావచ్చు, చిన్నల్లుడుగారు చెప్పిందీ నిజమే కావచ్చు. కాలేది మాత్రం నా తల,” అని, దిండు చంకన పెట్టుకుని వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. మీరు తేల్చుకునేదాకా లోపలికి రానన్నారు.

మేస్త్రీగారు తన నిర్దోషిత్వం రుజువు చేసుకోవడానికి మెయిను ఆపి, స్క్రూడ్రైవరు తీశారు. బోర్డు ఊడిరాగానే కాలిన వాసన గదంతా కమ్మింది. గీజరు తీగ అతుకు మీద టేపు కరిగి కారిపోయింది. వెనకున్న చెక్క బొటనవేలంత మేర బొగ్గయింది. ఎలుక పనేమోనని వదినగారు మెల్లగా అన్నారు.

“ఎలుక కాదు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు. నాదే,” అన్నారు మేస్త్రీగారు, బొగ్గయిన చెక్క మీద చెయ్యి పెట్టి. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

అద్దాలాయన గెలిచాడు. కానీ గెలిచినవాడిలా లేడు. ఆ సాయంత్రం, మోకాళ్ళ నొప్పులని ఏళ్ళ తరబడి మేడ ఎక్కని మేస్త్రీగారు ఆగి ఆగి ఎక్కి వచ్చారు. మరదలిచ్చిన కాఫీ ముట్టుకోలేదు. అలమారలో వరసగా ఉన్న రేడియోల వంక చూస్తూ కూర్చున్నారు.

“నాకూ ఇది తిప్పడం వస్తుందంటావా?”

వస్తుందన్నాడు అద్దాలాయన.

“ఆ రోజుల్లో అతుకులన్నీ అలాగే పెట్టానయ్యా. ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళో నాకే గుర్తులేదు. రేపు నీకు సెలవేగా?”

సెలవేనన్నాడు. అలమారలోంచి అన్నిటికన్నా చిన్న రేడియో తీసి ఆయన చేతిలో పెట్టాడు.

మేస్త్రీగారు తనంతట తానే చెప్పారు: “ముందు పిల్లలున్న ఇళ్ళకి వెళ్దాం.”