నేను కలిపిన ఆ ఒక్క లైను

ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారు. నేనైతే ఊరందరికీ తవ్విపెట్టి, ఆనక తీరిగ్గా పడ్డాను.

రెండేళ్ల కిందట మా ఓనరు ఆంటీ పాసిర్ రిస్‌లో తానుండే ఇంట్లోనే ఒక గది అద్దెకిద్దామనుకుంది. ఈ దేశంలో ఉన్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ప్రకటన రాసిమ్మని నన్నడిగింది. సెంగ్‌కాంగ్‌లో మేముంటున్న కాండో ఫ్లాటు కూడా ఆవిడదే. ఆవిడ చెప్పినట్టే "శాకాహారులు, తెలుగువాళ్లు" అని రాసి, చివర నా సొంత తెలివి కాస్త కలిపాను: "కంపెనీ ఉద్యోగస్తులకు మాత్రమే." మావారు అప్పుడు ఐటీలో ఉన్నారు. ఆ పొగరు నాకు. "ఎంత బాగా రాశావే అమ్మాయ్!" అని ఆంటీ మురిసిపోయింది. నెల తిరక్కుండా గ్రూపులో ప్రతి ప్రకటనకీ ఆ లైను అంటుకుంది.

ఈ ఏడాది మావారి ఉద్యోగం పోయింది. ఇంటింటికీ వెళ్లి నేను చెప్పే లెక్కల ట్యూషన్లతోనే ఇల్లు గడుస్తోంది. అద్దె ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. అయినా అగ్రిమెంటు గడువు దగ్గరపడేకొద్దీ ఆంటీ ఫోను వస్తే చాలు, ముందు క్యాలెండరు చూసుకునేదాన్ని. పిల్ల స్కూలూ, నా ట్యూషన్లూ అన్నీ ఈ చుట్టుపక్కలే మరి.

ఆంటీ రానే వచ్చింది. ఇచ్చిన కాఫీ ముట్టలేదు.

"కంపెనీ లెటరుందా అమ్మా?"

నా పన్ను కాగితాలు ముందుపెట్టాను.

"ట్యూషన్లంటే గాలివాటం కదే. రేపు పిల్లలు మానేస్తేనో?"

"కంపెనీ మాత్రం మావారిని మాన్పించలేదా ఆంటీ?" నా గొంతు లేచింది.

లోపల్నుంచి మా అమ్మాయి, "ట్యూషన్ ఈజ్ ఆల్సో జాబ్ లా!" అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో అరిచింది.

ఆంటీ నవ్వలేదు. "నామీద కోపమెందుకమ్మా? అది నువ్వు రాసిందేగా."

అగ్రిమెంటు ఇక పొడిగించనని చెప్పి ఆంటీ వెళ్లిపోయాక ఇళ్ల ఏజెంటుకు ఫోన్ చేశాను. జీతం కాదు, ట్యూషన్ డబ్బులని ఇల్లు లేదనడం ఏం న్యాయం, దీనికో చట్టం లేదా అని అడిగాను. "కొన్ని దేశాల్లో ఉందంట మేడమ్. ఇక్కడ ఇల్లు వాళ్లది, ఇష్టం వాళ్లది," అన్నాడు. ఊరికి ఆ చివరనున్న బూన్ లే వైపు చూస్తానన్నాడు. సాయంత్రానికల్లా, అక్కడా లెటరే అడుగుతున్నారని మెసేజ్ పెట్టాడు. గ్రూపు తెరిచాను. పైనుంచి కిందిదాకా ఇళ్లే, ప్రతి ఇంటి కిందా నా లైనే. ఏడుపు రాలేదు, భయమేసింది.

ఆదివారం ఇల్లు చూడ్డానికి ఒక జంట వస్తారనీ, తాను రావడం ఆలస్యమవుతుందనీ ఆంటీ చెప్పింది. "లోపలికి రానిచ్చే ముందు ఆ ఒక్క మాటా అడుగమ్మా."

గేటు తీయకుండానే అడిగాను. "కంపెనీ ఉద్యోగమేనాండీ?"

"అవునండీ, మావారు ఐటీ!" ఆ అమ్మాయి మొహంలో అచ్చం నా పొగరే. "ఇంత బాగున్న ఇల్లు, మీరెందుకు ఖాళీ చేస్తున్నారు?"

"మావారిదీ ఐటీయేనమ్మా. ఇప్పుడు కంపెనీ లెటరు లేదు," అని గేటు తీశాను.

ఆ అమ్మాయి లోపలికి రాలేదు. భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని ఒకడుగు వెనక్కి వేసింది.