డాన్ ఎర్నెస్తో నాకప్పగించిన ఏడాది

మా పార్సిప్పనీ అపార్ట్‌మెంట్లలో ఈ వారమంతా మెట్ల కమ్మీలకు రంగులు వేస్తున్నారు. ఈ కాలపు రంగులకు వాసనే ఉండదు గానీ, ఇనుముకు మాత్రం ఇంకా పాతరకం ఎనామెలే వాడుతున్నట్టుంది. నిన్న తలుపు తీయగానే గుప్పుమని ముక్కుకు తగిలింది. "అమ్మమ్మా, లోపలికి వచ్చేయ్, స్మెల్ చాలా బ్యాడ్ ఉంది" అని మనవరాలు ముక్కు మూసుకుని కేకేసింది. నేను కూరగాయల సంచీ కింద పెట్టి అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన నాకు చెడ్డది కాదు. ఈ దేశంలో నేను మనిషిగా కుదురుకున్న గదిలో ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. ఆ గదికి పెద్ద డాన్ ఎర్నెస్తో. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది.

డెబ్భై ఏడులో నేను నూవార్క్ దగ్గర ఒక రంగుల ఫ్యాక్టరీలో చేరాను. తయారైన రంగును డబ్బాల్లో నింపే ముందు పరీక్షించే గదిలో నా పని. డాన్ ఎర్నెస్తో నా పై అధికారి. అర్జెంటీనాలో పరానా నది ఒడ్డున ఒక రైల్వే ఊరు ఆయనది. అక్కడి వర్క్‌షాప్‌లో కెమిస్టుగా చేసి, నాకంటే నాలుగేళ్ళ ముందు అమెరికా వచ్చారు. 'డాన్' అంటే మన 'గారు' లాంటిదే, కాకపోతే పేరుకు ముందు వస్తుంది. పొట్టి మనిషి, అరవైకి దగ్గర పడ్డ వయసు, రంగుల మధ్య పనిచేస్తూ కూడా మెడలో టై తీసేవారు కాదు. మొదటి రోజు ఒక అట్టముక్క మీద రంగు పూసి, ఆరబెట్టి, కిటికీ వెలుతురులో పెట్టి ఎలా ఉందని అడిగారు. ఫార్ములా ప్రకారం సరిగ్గానే ఉండాలి అన్నాను.

"ఎలా ఉండాలో నేనడగలేదు. నీకేం కనిపిస్తోందో చెప్పు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు తెచ్చుకుని సముద్రాలు దాటి వచ్చినదాన్ని కూర్చోబెట్టి, కళ్ళ డాక్టరులా ఏం కనిపిస్తోందని అడగడమేమిటి! ఇంటికెళ్ళి మా ఆయన ప్రసాద్ దగ్గర ఏకరువు పెట్టాను. "బాస్‌తో ఆర్గ్యూ చెయ్యకు కరుణా, ముందు గ్రీన్‌కార్డ్ రానీ" అన్నాడు ప్రసాద్. ఆయన ఏ సమస్యకైనా చెప్పే మందు అదే. మర్నాడు మళ్ళీ అదే అట్టముక్క చూస్తే, ఒక అంచున పసుపు ఛాయ కనిపించింది. ముందురోజు కూడా అది అక్కడే ఉండి ఉంటుంది. నేనే చూడలేదు.

మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళం. ఆయనకు రొట్టె, జున్ను. నాకు పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి. మాటల్లో మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా పనిచేశారని చెప్పాను. ఆయన రొట్టె కోస్తున్న కత్తి కింద పెట్టేశారు. "మీ నాన్నగారు ఇంటికొచ్చాక ఎంత రుద్దినా గోళ్ళ కింద నలుపు పోయేది కాదు, అవునా?" అన్నారు. నేను అవునన్నాను. ఆయన ముఖం ఒక్కసారిగా విప్పారింది. ఆ రోజు నుంచే నాకు క్లబ్ చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు.

అదొక ఫుట్‌బాల్ క్లబ్. అసలు పేరు పొడుగ్గా ఉంటుంది. ఊళ్ళో అందరూ 'లా కల్దేరా' అనేవారట, అంటే బాయిలర్. రైల్వేని ఇంగ్లీషు కంపెనీలు నడిపే కాలంలో దొరలకు గడ్డి మైదానం, తెల్ల కంచె, వాళ్ళ క్లబ్ వాళ్ళకుండేవి. వర్క్‌షాప్ పనివాళ్ళను కంచె దాటి రానిచ్చేవారు కాదు. దాంతో వీళ్ళు బాయిలర్ షెడ్డు వెనక, ఇంజన్ల బూడిద పారబోసే నేల చదును చేసుకుని ఆడారు. పనికిరాని పట్టాలు పాతి గోల్ స్తంభాలు చేసుకున్నారు. పడితే మోకాళ్ళలో బూడిద దిగిపోయి ఆ మచ్చలు జన్మంతా ఉండిపోయేవట. తర్వాత జీతాలిచ్చి ఆటగాళ్ళను పెట్టుకునే స్థాయికి ఎదిగింది, రెండో డివిజన్‌లో ఆడింది, ఒకసారి స్టాండు కాలిపోయింది, ఒకసారి మూడో డివిజన్‌కి జారింది. జారిన ఏడాది గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవారు కాదు. గెలిచిన ఏడాది ఎలా చెప్పేవారో అదీ అలాగే చెప్పేవారు.

ఈ చరిత్ర ఎక్కడా రాసి లేదు. అది వాళ్ళ పట్టుదల. ఏటా క్లబ్ పుట్టినరోజుకు ఒక విందు చేసుకుంటారు, దాంట్లో మొదటి నుంచీ నోటితోనే చెబుతారు. ఏ ఏడాది ఆట సంగతి ఆ ఏడాది స్టాండులో కూర్చుని చూసినవాళ్ళు చెప్పాలి. చూసినవాళ్ళు పోతే విన్నవాళ్ళు చెప్పొచ్చు గానీ, ఎవరి దగ్గర విన్నారో ఆ పేరు ముందు చెప్పాలి. ఊరు వదిలి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎలిజబెత్ అనే ఊళ్ళో కూడా ఈ ఆచారం మానలేదు. ఒక ఆదివారం నన్నూ, ప్రసాద్‌నూ పిలిచారు. చర్చి నుంచి అటే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. పార్కులో ఇనుప కమ్మీల మీద పెద్ద పెద్ద మాంసం ముక్కలు కాలుతున్నాయి. ఒక్కొక్కరే లేచి, "మా మేనమామ నాకు చెప్పాడు" అనో, "నేను కళ్ళారా చూశాను" అనో మొదలుపెట్టి చెబుతున్నారు. నాకు మా ఊరి చర్చిలో సాక్ష్యం చెప్పడం గుర్తొచ్చింది. డాన్ ఎర్నెస్తో తన వంతు ముగించగానే, అలవాటు కొద్దీ, గట్టిగా "ఆమేన్" అనేశాను.

అందరూ తలలు తిప్పి చూశారు. ప్రసాద్ మోచేత్తో పొడిచాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. డాన్ ఎర్నెస్తో మాత్రం నవ్వలేదు. "సరిగ్గానే అంది" అన్నారు వాళ్ళతో. ఆ మరుసటి ఏడాది నుంచి ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు కావాలని నా వైపు చూస్తూ ఆమేన్ అనేవారు.

డెబ్భై ఎనిమిదిలో అర్జెంటీనా ప్రపంచ కప్పు గెలిచింది. ఫ్యాక్టరీలో ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన అందరికీ థాంక్స్ చెప్పి, గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నారు. సంతోషంగా లేదా అని అడిగాను.

"ఆడినవాళ్ళు బాగా ఆడారు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు. పై వరసలో యూనిఫారాలు వేసుకుని చప్పట్లు కొట్టినవాళ్ళు మా అక్క కొడుకును తీసుకుపోయారు" అన్నారు.

ఆ అబ్బాయి పేరు అనీబల్. వర్క్‌షాప్‌లో చక్రాల విభాగంలో పని, ఆదివారాలు బాయిలర్ జట్టులో ఆట. తర్వాత పనివాళ్ళ యూనియన్‌లో తిరిగాడు. సైన్యం అధికారంలోకి వచ్చిన కొద్ది నెలలకు ఓ ఉదయం వర్క్‌షాప్ గేటు దగ్గర ఎవరో కారులో ఎక్కించుకుపోయారు. ఏ స్టేషన్‌కు వెళ్ళి అడిగినా అలాంటి మనిషి తెలియదన్నారు. కొడుకు కోసం తిరిగి తిరిగి వాళ్ళమ్మ పోయింది. మిగిలింది చెల్లెలు లూసియా ఒక్కతే. ఆ ఊళ్ళోనే బడిపంతులమ్మ. డాన్ ఎర్నెస్తోకు ఈ భూమ్మీద ఉన్న దగ్గరి చుట్టం ఆ అమ్మాయే.

రెండేళ్ళ తర్వాత విందుకు ఆ ఊరి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. సైన్యం అండతో క్లబ్‌లో కొత్తగా అధికారం అందుకున్నవాడు. ఈసారి నోటి మాటలు వద్దు, క్లబ్ అచ్చు వేయించిన చరిత్ర ఉంది, అదే చదువుదాం అన్నాడు. లా కల్దేరా మొదటి డివిజన్‌కు ఎక్కిన ఒకే ఒక్క ఏడాది గురించి అందులో రెండు వాక్యాలున్నాయి. ఆఖరి మ్యాచ్‌లో గోల్ పడింది, క్లబ్ గెలిచింది. గోల్ కొట్టినవాడి ఊసు లేదు. కొట్టింది అనీబల్. ఆ మ్యాచ్ స్టాండులో కూర్చుని చూసినవాడు అక్కడున్న వాళ్ళలో డాన్ ఎర్నెస్తో ఒక్కరే; మిగిలినవాళ్ళంతా అంతకుముందే, అరవైల దశకంలోనే అమెరికా వచ్చేశారు.

ఆ పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడాడు. డాన్ ఎర్నెస్తో భుజం మీద చెయ్యి వేసి, "లూసియా టీచర్ కులాసాగా ఉంది. పిల్లలకు బాగా చెబుతోంది. అలాగే ఉండాలని మా అందరి కోరిక" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నాకు ఇంగ్లీషులో చెప్పారు. ఆ మాటలో ఒక్క చెడ్డ ముక్క లేదు. అది బెదిరింపేనని మాత్రం నాకు అర్థమైంది.

డాన్ ఎర్నెస్తో లేచారు. పేరు చెబితే ఆ అమ్మాయి ఏమవుతుందో తెలియదు. ఆ కాగితం చదివితే అనీబల్‌ను రెండోసారి మాయం చేసినట్టు. ఆయన నెమ్మదిగా, "ఈ ఏడాది నేను చూశాను. ఇవాళ చెప్పను. చెప్పలేని ఏడాది ఖాళీగా ఉండాలి. దాన్ని వేరే దేనితోనూ నింపకూడదు" అని కూర్చున్నారు. ఎవరూ చదవలేదు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. పెద్దమనిషి తన అచ్చు చరిత్ర మడిచి సంచీలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏటా ఆ చోటికి వచ్చేసరికి అందరూ మౌనంగా లేచి నిలబడి, మళ్ళీ కూర్చునేవారు.

ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఎనభై రెండులో ఒక సాయంత్రం ఆస్పత్రి నుంచి నా కారులో ఇంటికి దింపుతుంటే, పక్కకు ఆపమన్నారు. "కరుణా, నీకు మా దేశంలో ఎవరూ లేరు. నీ మీద కోపంతో వాళ్ళు ఎవర్నీ ఏమీ చెయ్యలేరు. ఈ ఏడాది నువ్వు ఉంచుకో" అన్నారు. నేను ఆ ఆట ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదని, నాకేం తెలియదని మొత్తుకున్నాను. "తెలిసినవాళ్ళు అందంగా చెబుతారు. నాకు అది వద్దు" అన్నారు.

చెప్పారు. తిరిగి నాచేత చెప్పించారు. అనీబల్ గాలిలా దూసుకొచ్చాడని నేనంటే చెయ్యెత్తి ఆపారు. "గాలి ఎక్కడిది? నేను చెప్పానా?" అన్నారు. అంత జబ్బులోనూ పరీక్ష గదిలో ఉన్న గొంతే. మళ్ళీ చెప్పాను. ఒక్క మాట చేరకుండా, ఒక్క మాట జారకుండా వచ్చేదాకా ఆయన ఇంటికి పోనివ్వలేదు. ఆ శీతాకాలంలోనే పోయారు. అక్కడ మిలిటరీ దిగిపోవడం ఆయన చూడలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ దేవుడి మీద కోపం వస్తుంది. మా పాస్టరు గారితో కూడా అన్నాను.

ఎనభై నాలుగులో మేనమామ సమాధి చూడటానికి లూసియా వచ్చింది. సన్నగా, పెద్ద కళ్ళతో, నాకంటే చిన్నది. విందుకు వచ్చి చివరి బల్ల దగ్గర కూర్చుంది. ఆ ఏడాది దగ్గరకు రాగానే అందరూ అలవాటుగా లేచారు. నేను కూర్చోమన్నాను. "డాన్ ఎర్నెస్తో నాకు చెప్పారు" అని మొదలుపెట్టి, వచ్చీ రాని స్పానిష్‌లో, రానిచోట ఇంగ్లీషులో చెప్పాను. ఆఖరి మ్యాచ్. గెలిస్తేనే మొదటి డివిజన్. ఎదుటి జట్టు గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారింది. అనీబల్ ఎడమ కాలితో కొట్టాడు. బంతి పై కమ్మీకి తగిలి లోపల పడింది. స్టాండంతా అరుస్తోంది. అనీబల్ స్టాండు వైపు పరుగెత్తలేదు. వెనక్కి వెళ్ళి, కింద పడ్డ గోల్‌కీపర్‌కు చెయ్యిచ్చి లేపాడు. ఆ తర్వాతే తన వాళ్ళ దగ్గరకు వెళ్ళాడు.

లూసియా లేచి నిలబడింది. "మళ్ళీ చెప్పండి. పేరు దగ్గర్నుంచి" అంది. మళ్ళీ చెప్పాను. ఈసారి ఏడుస్తూ వింది. అంతా అయ్యాక నా దగ్గరకు వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆ మ్యాచ్ రోజు అన్న మైదానానికి వెళ్ళాక తనకు జ్వరమొచ్చిందట, ఇంట్లో పడుకోబెట్టి అందరూ ఆటకు వెళ్ళారట. ఇంటికొచ్చి అన్న ఏమీ చెప్పలేదట, అతనికి తన గురించి చెప్పుకోవడం రాదు. "మైదానంలో నా కోసం చూశాడా? స్టాండులో నేనున్నానేమోనని ఒక్కసారైనా తల తిప్పాడా?" అని అడిగింది.

తిప్పాడని అంటే ఏం పోయేది! ఆ పిల్ల ప్రాణం లేచొచ్చేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడం నా జన్మలో నేను చేసిన అతి కష్టమైన పని.

"ఆయన చెప్పలేదమ్మా" అన్నాను.

లూసియా తలాడించి, "అయితే మీరు చెప్పిన మిగతాదంతా నిజమే" అంది.