బొజ్జ మీద దావా

మా మనవరాలి బొజ్జ మీద రెండు ఊళ్లు దావాకు దిగాయి. నందిగామలో నానమ్మను నేను; పప్పూ నెయ్యీ నావి. జగ్గయ్యపేట అమ్మమ్మ, అంటే మా వియ్యపురాలు. మీగడ పెరుగు ఆవిడది. రెండున్నరేళ్ల పిల్లకు గౌను పొట్ట దగ్గర బిగుసుకుపోతే ఇద్దరం మురిసిపోయాం.

"మీ ఇంటికి పంపితే చిక్కిపోయి వస్తోంది వదినగారూ" అని నేను.

"ఆ బొజ్జ మా ఇంట్లో వచ్చిందేలెండి" అని ఆవిడ.

పిల్ల కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు. దిష్టి మాత్రం పోటీపడి తీశాం.

ఒక ఆదివారం ఆవిడ మా ఇంటికొచ్చింది. కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్ల పెద్దదైనా కాళ్ల మీదే పడుకోబెట్టుకుని నువ్వుల నూనె రాస్తోంది. చెయ్యి పొట్టకు ఎడమ పక్కన ఆగింది.

"వదినగారూ, ఈ పక్క గట్టిగా లేదూ?"

నా నెయ్యికి వంక పెడుతోందని ఒళ్లు మండింది. "అరక్క అలా ఉంది. వాము నీళ్లు పట్టిద్దాం" అంటూనే చెయ్యి వేశాను. కుడి పక్క మెత్తగా ఉంది. ఎడమ పక్క బత్తాయంత గడ్డ. పిల్ల నవ్వుతూనే ఉంది.

"నొప్పి లేదుగా" అన్నాను.

"నొప్పి లేకపోయినా చూపిద్దామండి. నేను ఆగలేను."

మర్నాడు పిల్లల డాక్టరు స్కాన్ తీయించారు. కిడ్నీలో గడ్డ, క్యాన్సర్ కావచ్చన్నారు. "పొట్ట ఇంకెవరూ నొక్కకండి. తొందరగా తెచ్చారు, నయమవడానికే ఎక్కువ అవకాశం" అంటూ విజయవాడ పంపారు. దారిలో కీసర ఊరు దాటినా వియ్యపురాలు నా చెయ్యి వదల్లేదు. నేనూ వదల్లేదు.

గడ్డతో పాటు ఒక కిడ్నీ తీసేశారు. కీమోకు ఊడిన జుట్టు తర్వాత ఉంగరాలు తిరిగి వచ్చింది. ఆ ఉంగరాలు ఎవరి వైపువో అని మేం కొత్త దావా పెట్టుకున్నాం. ఆ పోట్లాట ఎంత హాయిగా ఉందో!

వైద్యం పూర్తయి, నూనె రాసి నలుగు పెట్టొచ్చని డాక్టరు చెప్పాక, ఇద్దరం నూనె గిన్నెతో కూర్చున్నాం. కాళ్లకు రాశాం, వీపుకు రాశాం. పొట్ట దగ్గర ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. పిల్లే మా చేతులు లాగి పెట్టుకుంది. అంతా మెత్తగా ఉంది.

"ఈ బొజ్జ మీరు నిలబెట్టిందేనండి వదినగారూ" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

"అబ్బే, మీ నెయ్యేనండి" అందావిడ.

గిలిగింతలకు మెలికలు తిరిగిన పిల్ల మా చేతులు తోసేసి అరిచింది: "నా బొజ్జ!"